సీకర్స్ నాలుగు సీడీల సెట్టు: నాలుగేళ్ల పాటలు సరే, మిగతా యాభై ఏళ్లు ఏవీ?

పాటలకైతే ఐదుకి ఐదు ఇచ్చేస్తాను, సెట్టుకి మాత్రం మూడున్నర దగ్గర ఆగిపోతాను. ఆ తగ్గించిన ఒకటిన్నర ఎందుకో చెప్పడానికే ఇంత రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

'ఆల్ బౌండ్ ఫర్ మార్నింగ్‌టౌన్' అని 2009లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వాళ్లు తెచ్చిన సెట్టు ఇది. ద సీకర్స్ అనే ఆస్ట్రేలియా బృందం 1964 నుంచి 1968 దాకా ఆ కంపెనీకి పాడిన పాటల్ని నాలుగు సీడీల్లో సర్దారు. నేను ఆన్‌లైన్‌లో పాతదే కొన్నాను. 'కొత్తదానిలా ఉంది' అని పెట్టినాయన డబ్బా మూల నలిగిన సంగతీ రాయలేదు, మూడో సీడీ మీద గీత ఉన్న సంగతీ రాయలేదు. పాట ఎక్కడా ఆగట్లేదు కాబట్టి నేనూ గొడవ పెట్టుకోలేదు.

మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి సీకర్స్ అంటే ఎవరో తెలియదు గానీ వాళ్ల పిల్లలకి ఒక పాట మాత్రం నోటికొచ్చు, 'ఐ యామ్ ఆస్ట్రేలియన్'. స్కూల్ అసెంబ్లీలో పాడిస్తారు, సిటిజన్‌షిప్ వేడుకల్లో వినిపిస్తుంది. మా వీధిలో ఓ పాప ఇంట్లో అదే పనిగా ఆ పాట పాడుతుంటే, గుంటూరు నుంచి వచ్చిన వాళ్ల నాయనమ్మ "ఏంటే ఇది, వీళ్ల జనగణమనా?" అని అడిగింది. ఆవిడ అడిగిందాంట్లో తప్పేం లేదు, అసలు జాతీయగీతం వేరే ఉన్నా జనం ఈ పాటని చూసుకునే తీరు దాదాపు అలాగే ఉంటుంది. 1987లో దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరు బ్రూస్ వుడ్లీ, సీకర్స్‌లో గిటార్ వాయిస్తూ పాడే మనిషి. రెండో ఆయన బుష్‌వ్యాకర్స్ అనే ఇంకో జానపద బృందంలోని డోబ్ న్యూటన్. 2009 ఫిబ్రవరిలో విక్టోరియా రాష్ట్రాన్ని కార్చిచ్చు కాల్చేశాక మెల్‌బోర్న్‌లో పెట్టిన సంతాప సభలో వుడ్లీ తన కూతురితో కలిసి పాడింది కూడా ఇదే.

ఆ పాట కోసం ఈ సెట్టు కొన్నారో, తెల్లమొహం వెయ్యాల్సిందే. ఇందులో అది లేదు, ఉండే వీలూ లేదు, కథని 68లోనే ఆపేశారు కదా. నా ఫిర్యాదంతా దీని గురించే. సరే, ఉన్నవాటి సంగతి ముందు చూద్దాం.

అథోల్ గై, కీత్ పోట్గర్, బ్రూస్ వుడ్లీ ముగ్గురూ మెల్‌బోర్న్ బాయ్స్ హైస్కూల్లో చదివినవాళ్లు (పోట్గర్ పుట్టింది మాత్రం మన పక్కనే, కొలంబోలో). మొదట్లో వీళ్లతో కెన్ రే అని ఇంకొకతను పాడేవాడు, అతను మానేశాక ఆ చోట్లోకి జూడిత్ డరమ్ వచ్చింది. ఓ అడ్వర్టైజింగ్ కంపెనీలో సెక్రటరీ ఆమె, అథోల్ గైది కూడా అక్కడే ఉద్యోగం, అలా ఆఫీసు పరిచయంతో మొదలైన వ్యవహారం ఇది. 1962 డిసెంబర్ 3న ఒక కాఫీ లాంజ్‌లో మొదటిసారి నలుగురూ కలిసి పాడారు. ఆమెకి అప్పటికే జాజ్ పాడే అలవాటుంది, పియానో పద్ధతిగా నేర్చుకుని పరీక్షలు పాసైంది కూడా. తీగ మీద వేలు పెట్టి తీసినట్టు సరిగ్గా స్థాయిలో నిలబడే ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో ఈ సంగతి తెలిశాకే నాకు అర్థమైంది.

1964లో వీళ్లు లండన్ వెళ్లిన తీరు భలే ఉంటుంది. ఫెయిర్‌స్కై అనే ఓడలో ప్రయాణికులకి పాటలు పాడే పని ఒప్పుకుని, అలా సముద్రం దాటారు. కొన్ని వారాలుండి ఊరు చూసుకుని వెనక్కి వచ్చేద్దామనుకున్నవాళ్లు. వెళ్లేముందు తమ రికార్డు ఒకటి అక్కడి ఏజెన్సీకి పంపించారు, దిగేసరికి ప్రోగ్రాములు కాచుక్కూర్చున్నాయి. అక్కడే టామ్ స్ప్రింగ్‌ఫీల్డ్ తగిలాడు. పేరున్న బ్రిటిష్ గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్ల అన్నయ్య. తమ సొంత జానపద బృందం విడిపోయి ఖాళీగా ఉన్న పాటల రచయిత, సరిగ్గా అలాంటి గొంతుల కోసమే వెతుక్కుంటున్న మనిషి. 'ఐల్ నెవర్ ఫైండ్ అనదర్ యూ' ఇచ్చాడు, 1965 ఫిబ్రవరికల్లా అది బ్రిటన్‌లో నంబర్ వన్. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ ఊపేస్తున్న రోజుల్లో, సూట్లు వేసుకున్న ముగ్గురు మగవాళ్లూ ఒక పక్కింటి అమ్మాయిలాంటి గాయనీ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఈ ఒక్క పాట గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సీకర్స్ పనితనమంతా ఇందులో దొరుకుతుంది. మొదట పోట్గర్ పన్నెండు తీగల గిటార్ మీద ఒక చిన్న వరస వాయిస్తాడు, చాలామంది దాన్ని బట్టే పాట గుర్తుపడతారు. ఆ తర్వాత జూడిత్ గొంతు ఎత్తుకోగానే మిగతా ముగ్గురూ ఒక అడుగు వెనక్కి జరిగినట్టు అనిపిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఆ వెనకాల గొంతులు ఊరికే 'ఊ' కొట్టట్లేదు, ఒక్కోడిదీ ఒక్కో దారి, ఎవడూ ఆమె దారికి అడ్డం రాడు, ఆమె ఊపిరి తీసుకునే సందులో మాత్రం ముగ్గురూ కలిసి ముందుకొస్తారు. మన బుర్రకథలో కథకుడు నడుస్తుంటే వంతలిద్దరూ అటూ ఇటూ కాచుకుని సరిగ్గా తందాన అందుకునేది గుర్తొచ్చింది నాకు. అక్కడ హాస్యం చెప్పే వంత ఉంటాడు కదా, ఇక్కడ ఆ డ్యూటీ కూడా ఒకరికుంది. నల్లఫ్రేము కళ్లజోడు, మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ అనే తీగవాయిద్యం పట్టుకుని నిలబడే అథోల్ గై. స్టేజీ మీద పాటకీ పాటకీ మధ్య జనాన్ని నవ్వించే మాటలు ఆయనవే. (తర్వాత ఆయన రాజకీయాల్లోకి వెళ్లి 1971 నుంచి 1979 దాకా విక్టోరియా అసెంబ్లీలో గిస్బోర్న్ సభ్యుడిగా ఉన్నాడు. మనకి హీరోలు ఎమ్మెల్యేలవడం తెలుసు, బేస్ వాయించేవాడు అవడం నేను ఇదే వినడం.)

'ద కార్నివాల్ ఈజ్ ఓవర్' ఇంకో రకం. బాణీ స్ప్రింగ్‌ఫీల్డ్ సొంతం కాదు, రష్యాలో స్టెంకా రాజిన్ అనే తిరుగుబాటు నాయకుడి మీద పాడే పాటది. కుర్రతనంలో సైనిక సేవలో రష్యన్ నేర్చుకున్నప్పుడు ఆ పాటలు చెవిన పడ్డాయి ఆయనకి. దానికి ఇంగ్లీషులో వీడ్కోలు పాట రాశాడు, 1965 నవంబర్‌లో మళ్లీ నంబర్ వన్, ఒక్క బ్రిటన్‌లోనే పది లక్షలకి పైగా అమ్ముడుపోయింది. ఆ పాట అంత నెమ్మదిగా నడుస్తుంది, ఎక్కడా బోరు కొట్టదు. కారణం జూడిత్ ఎక్కడా ఏడవకపోవడం. ఇలాంటి పాట దొరికితే గొంతు వణికించి మనల్ని ఏడిపించేద్దామని చూసేవాళ్లే ఎక్కువ, ఆమె మాత్రం మాట స్పష్టంగా పలికి, స్వరం నిలకడగా పట్టి వదిలేస్తుంది, ఏడ్చుకోవడం మన ఇష్టం.

సెట్టుకి పేరిచ్చిన 'మార్నింగ్‌టౌన్ రైడ్' మాల్వినా రెనాల్డ్స్ రాసిన జోలపాట. 1966 క్రిస్మస్ రోజుల్లో బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. చిన్నపిల్లలున్న ఇళ్లలో రాత్రి పెట్టుకోవచ్చు, భాష రాని పసివాళ్లు కూడా పడుకుంటారు. 'జార్జీ గర్ల్' అదే పేరుతో వచ్చిన సినిమా పాట, ఈలతో మొదలవుతుంది, ఆస్కార్‌కి నామినేట్ అయింది, అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో రెండో స్థానం. నాకు మాత్రం ఈ పాట ఎప్పుడూ పెద్దగా ఎక్కలేదు. సినిమా కోసం కుట్టిన పాట అని తెలిసిపోతూనే ఉంటుంది.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. వరుసగా నాలుగు సీడీలూ వింటే తీపి ఎక్కువై మొహం మొత్తుతుంది, ఇది దాచాల్సిన పని లేదు. బాబ్ డిలన్ పాటలు కూడా పాడారు వీళ్లు, 'ద టైమ్స్ దే ఆర్ ఎ-చేంజిన్' లాంటివి. కోపంగా అనాల్సిన మాటని అంత మర్యాదగా అంటే ఎవడికి తగులుతుంది చెప్పండి? అసలైన జానపదం కాదిది, పాలిష్ పెట్టిన పాప్ అని అప్పట్లో విమర్శించినవాళ్లది పూర్తిగా తప్పని నేను అనను. కాకపోతే జానపదం అనగానే గరుగ్గా ఉండి తీరాలన్న రూలు కూడా ఎక్కడా లేదు. 'కాలిఫోర్నియా డ్రీమిన్' లాంటి ఇతరుల పాటలు అందరూ పాడుతున్నారని పాడినట్టున్నాయి, వాటిని దాటేయొచ్చు. వుడ్లీ, అమెరికా పాటల రచయిత పాల్ సైమన్‌తో కలిసి రాసిన 'రెడ్ రబ్బర్ బాల్' మాత్రం దాటేయకండి. ద సర్కిల్ అనే అమెరికా బృందం పాడగా 1966లో అక్కడ రెండో స్థానానికి వెళ్లిన పాట అది, రాసినవాడి గుంపు ఎలా పాడిందో వినడం సరదాగా ఉంటుంది. సీకర్స్ హిట్లకి మూలం స్ప్రింగ్‌ఫీల్డే గానీ వీళ్లలో కూడా ఓ రచయిత ఉన్నాడని ఇలాంటి చోట్ల తెలుస్తుంది.

అప్పట్లో ఆస్ట్రేలియాలో వీళ్ల మీద అభిమానం ఏ స్థాయిదో ఒక్క లెక్క చాలు. 1967 మార్చి 12న మెల్‌బోర్న్ సిడ్నీ మైయర్ మ్యూజిక్ బౌల్‌లో పెట్టిన ఉచిత కచేరీకి రెండు లక్షల మంది వచ్చారని గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. ఆ ఏటి 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్' నలుగురికీ కలిపి ఇచ్చారు. అంత వైభోగంలో, 1968 మొదట్లో, నేను వెళ్లిపోతున్నాను అని జూడిత్ చెప్పేసింది. జూలైలో బీబీసీలో వీడ్కోలు కార్యక్రమం, కోటి మందికి పైగా చూశారు. విడిపోయాక వచ్చిన 'ద బెస్ట్ ఆఫ్ ద సీకర్స్' 1969లో బీటిల్స్ వైట్ ఆల్బమ్‌ని పక్కకి జరిపి బ్రిటన్‌లో మొదటి స్థానంలో కూర్చుంది.

సెట్టు అక్కడితో అయిపోతుంది. చివరి సీడీ తీసి పక్కన పెట్టినవాళ్లు, పాపం ఐదారేళ్లు వెలిగి ఆరిపోయారు అనుకుంటారు. అసలు కథ అలా లేదు. పోట్గర్ లండన్‌లో న్యూ సీకర్స్ అనే వేరే గుంపు తయారుచేశాడు, కోకాకోలా యాడ్‌లోంచి పుట్టిన 'ఐడ్ లైక్ టు టీచ్ ద వరల్డ్ టు సింగ్' వాళ్లకి పెద్ద హిట్టు. 1975లో పాత ముగ్గురూ లూయిసా విసెలింగ్ అనే గాయనితో తిరిగి మొదలుపెట్టి 'ద స్పారో సాంగ్'తో ఆస్ట్రేలియాలో హిట్టు కొట్టారు. 1988లో బ్రిస్బేన్ ఎక్స్‌పో రోజుల్లో జూలీ ఆంథనీ ఆ స్థానంలో పాడింది. ఇద్దరూ మంచి గాయనులే, కానీ జూడిత్ పక్కన లేకపోతే ఆ మగగొంతులు దేనికి కాపు కాస్తున్నాయో తెలియదు. ఆమె 1990ల్లో వెనక్కొచ్చాక, 1993లో రజతోత్సవ యాత్ర చేశాక, బండి మళ్లీ పట్టాలెక్కి ఇరవై ఏళ్లు నడిచింది.

ఆ రెండో ఇన్నింగ్సే నాకు ఎక్కువ ఇష్టం, ఈ సెట్టులో అది ఒక్క నిమిషం కూడా లేదు. 1994లో జూడిత్ భర్త మోటార్ న్యూరాన్ జబ్బుతో పోయాడు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్ ముగింపు వేడుకకి, తుంటి ఎముక విరిగిన ఆమె చక్రాల కుర్చీలో వచ్చి 'ద కార్నివాల్ ఈజ్ ఓవర్' పాడింది. 2013 మేలో స్వర్ణోత్సవ యాత్ర మొదలైన కొద్ది రోజులకే, మెల్‌బోర్న్ హేమర్ హాల్లో కచేరీ చేసిన తర్వాత మెదడులో రక్తస్రావం అయింది. చదవడం, రాయడం, స్వరాలు చూసి పోల్చుకోవడం దెబ్బతిన్నాయి, పాడటం మాత్రం పోలేదు. కొన్ని నెలల్లో యాత్ర మళ్లీ మొదలుపెట్టి, 2014లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ దాకా వెళ్లి ముగించారు. ఇంకో సంగతి. నాలుగేళ్ల వయసులో తట్టు వచ్చినప్పటి నుంచి ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు. అంత పొడుగు స్వరాలు జీవితమంతా పట్టింది ఆ ఊపిరితోనే, 2022 ఆగస్టు 5న 79 ఏళ్ల వయసులో పోయిందీ ఆ జబ్బుతోనే. ఇది తెలిశాక మొదటి సీడీ మళ్లీ పెట్టి విన్నాను, ఇరవయ్యేళ్ల పిల్ల అంత ధీమాగా ఎలా లాగిందా అని ఆశ్చర్యం వేసింది.

వయసు పెరిగాక గొంతులు ఎలా ఉన్నాయంటారా? మెరుపు కాస్త తగ్గింది, మగవాళ్ల గొంతులు బరువెక్కాయి. బదులుగా వీడ్కోలు పాటలకి అర్థం వచ్చింది. 1965లో 'కార్నివాల్' పాడుతున్నప్పుడు వాళ్లకి పోగొట్టుకున్నది ఏమీ లేదు, బాగా పాడారు అంతే. 1993 కచేరీలో అదే పాట వినండి, పాతికేళ్ల తర్వాత కలిసిన నలుగురు పక్కపక్కన నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది, జనం కూడా చప్పట్లు కాసేపు మర్చిపోతారు.

కాబట్టి కొనాలనుకునేవాళ్లకి నా మాట ఇది. సీకర్స్ పాటలు ఒకటో రెండో విని ఇంకా కావాలి అనిపించినవాళ్లు మొదట ఈ సెట్టు జోలికి వెళ్లకండి, ఇంత ఒకేసారి అక్కర్లేదు. 1968 నాటి 'బెస్ట్ ఆఫ్' చాలు, ముఖ్యమైన హిట్లన్నీ అందులోనే ఉన్నాయి. దాని పక్కన 1993 రజతోత్సవ కచేరీ ఆల్బమ్ గానీ, 2013 యాత్రలో రికార్డు చేసి 2019లో వదిలిన 'ఫేర్‌వెల్' గానీ పెట్టుకోండి. రెండిట్లో ఒకటే అంటే నేను 93దే తీసుకుంటాను. ఒకే పాట పాతదీ కొత్తదీ వెనకా ముందూ పెట్టుకుని వింటే ఈ గుంపు ఎందుకు ఇన్నాళ్లు నిలబడిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కూడా దాహం తీరకపోతే అప్పుడు నాలుగు సీడీల సెట్టు కొనండి. పాటల కంపెనీకి తన దగ్గరున్న రికార్డింగులే వెయ్యడం హక్కని నాకూ తెలుసు, కానీ కొనేవాడికి కంపెనీ ఒప్పందాలతో పనేముంది?

స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు పేరు చూసి నొక్కండి, న్యూ సీకర్స్ వాళ్లవి కూడా వెతుకులాటలో కలిసిపోయి వస్తుంటాయి. ఫోన్ స్పీకర్లో మాత్రం పెట్టకండి, అథోల్ గై బేస్ అసలు వినపడదు.